మత్స్యకుల వృత్తాంతము వ్రాసిన వైద్యుడు – ఫ్రాన్సిస్ డే

నీలగిరులమీద ఉదకమండలమునకు పోయినవారందరును అచ్చటి సరస్సును చూచియే వత్తురు. ఆ సరస్సు ప్రకృతి నిర్మించినది కాదు. 1820వ దశకమున జాన్ సల్లివన్ అను కలెక్టరు కొండవాగునకు అడ్డుకట్ట వేయించి నిలిపిన నీరది. నీరు ఈ దేశపుదే. గట్టు కట్టిన మట్టియు ఈ దేశపుదే. కాని ఆ నీటిలో పేరు తెచ్చుకొన్న చేపలు మాత్రము పరదేశపువి. టెంచ్, క్రూసియన్ కార్ప్ అనునవి ఇంగ్లండునుండి వచ్చినవి. తెలుగువారు బంగారుతీగ అని పిలుచు చేపలో పెద్ద పెద్ద పొలుసులు గల అద్దపు జాతి 1939లో సింహళమునుండి వచ్చినది. సరస్సు గట్టుమీద నిలిచి చూచువానికి అన్నియు చేపలే. వానిలో ఏది స్వదేశి, ఏది పరదేశి అని చెప్పవలెనన్నచో ఎవరో ఒకరు ముందుగా ఈ దేశపు చేపల లెక్క వ్రాసియుండవలెను. ఆ లెక్కను సమగ్రముగా వ్రాసిన మహనీయుడు డాక్టరు ఫ్రాన్సిస్ డే. విచిత్రమేమనగా, పరదేశి చేపలను నీలగిరులమీద నిలుపవలెనని తొలుత పూనుకొన్నవారిలో ముఖ్యుడును ఆయనయే.

డే 1829 మార్చి 2వ తేదీన ఇంగ్లండున ససెక్స్ మండలమందలి మేర్స్‌ఫీల్డ్ గ్రామమున జన్మించెను. కలిగిన కుటుంబము. ష్రూస్‌బరీ పాఠశాలలో చదివి, లండనులోని సెయింట్ జార్జి వైద్యశాలలో వైద్యము నేర్చి, శస్త్రచికిత్సకుల పట్టమును పొందెను. 1852లో, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యమున సహాయ వైద్యుడుగా చేరి ఓడ యెక్కెను. ఆ యేటనే రెండవ బర్మా యుద్ధము పుట్టినది. కొత్తగా వచ్చిన వైద్యునికి తొలి అనుభవము యుద్ధభూమిలో గాయపడినవారి మధ్యనే లభించినది.

ఆ కాలమున సైనిక వైద్యులకు ప్రకృతి పరిశీలన ఒక వ్యసనమువంటిది. దండు మారినప్పుడెల్ల ఊరు మారును. ఊరు మారినప్పుడెల్ల కొత్త చెట్టు, కొత్త పిట్ట, కొత్త చేప కనబడును. డేకు పూర్వమే ఈ త్రోవను నడచినవారు కలరు. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున ఉండి, అచ్చటి బెస్తవారు తెచ్చిన రెండువందల చేపలను బొమ్మలతో వర్ణించి 1803లో గ్రంథముగా వెలువరించెను. ఆ గ్రంథమున చేపలకు తెలుగు పేర్లే ఆధారము. వాలుగ అను తెలుగుమాటయే శాస్త్రజ్ఞుల లాటిను నామములలోనికి ఎక్కి నేటికిని నిలిచియున్నది. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానదీ మత్స్యములను వర్ణించెను. నెల్లూరున వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దక్షిణదేశపు మంచినీటి చేపలను గూర్చి 1849లో వ్రాసెను. వీరెల్లరును తమకు అందిన మేరకు వ్రాసిరి. ఎవ్వరును దేశమంతటిని ఒక్క చూపున చూడలేదు. ఆ పని డే కొరకు మిగిలియుండెను.

ఆయన కన్నులు తెరచినది కొచ్చిన్. అచ్చట వైద్యోద్యోగిగా ఉన్న కాలమున పడమటి కనుమలనుండి దిగివచ్చు నదులును, సముద్రపు ఆటుపోటులును కలిసికొను విశాలమైన వెంబనాడు సరస్సు ఆయన ఇంటి వాకిటి వంటిది. వానకాలమున మంచినీరు, వేసవిలో ఉప్పునీరు. నీటి రుచితోపాటు చేపల జాతియు మారును. ఈ మార్పును చూచుటకు వేరు పాఠశాల అక్కరలేదు. బజారుకు వచ్చు బుట్టలే చాలును. బుట్టలోని చేపను కొనుట, రెక్కల ముండ్లను లెక్కించుట, పొలుసుల వరుసలను గణించుట, రంగు చెడకముందే బొమ్మ గీయుట, దేశీయులు పిలుచు పేరును అడిగి వ్రాసికొనుట – ఇది ఆయన నిత్యకృత్యమైనది. కొచ్చిన్ దేశ చరిత్రను గూర్చి 1863లో ఒక గ్రంథమును, 1865లో మలబారు మత్స్యములను గూర్చి మరియొక గ్రంథమును ప్రకటించెను.

ఆ దినములలో ఆయనకు లభించిన చేపలలో ఒకటి తిరువాన్కూరు కొండలయందు ముండకాయమువద్ద దొరికినది. వెండివంటి దేహము, దానిపై ఎర్రని చార, దాని క్రింద నల్లని చార. దానికి ఆయన అప్పటి మద్రాసు గవర్నరు సర్ విలియం డెనిసన్ పేరు పెట్టెను. ఆ కొండలలో ఉండి తనకు తోడ్పడిన హెన్రీ బేకరు అను మతాచార్యుని పేరు మరియొక చేపకు ఇచ్చెను. కొత్త జాతిని కనిపెట్టిన శాస్త్రజ్ఞునికి ప్రభువును గౌరవించుటయు, మిత్రుని స్మరించుటయు ఒకే కలముతో జరుగును.

డెనిసన్ గవర్నరుగా ఉన్న ఆ దినములలోనే నీలగిరి ప్రయత్నము మొదలైనది. కొండమీది పీఠభూమికి చేపలు తమంతట ఎక్కి రాలేవు, జలపాతములు అడ్డు. అందువలన పై వాగులలో పెద్ద చేపలు కరవు. చలి మాత్రము ఇంగ్లండును తలపించును. స్వదేశమునకు దూరమై ఆ కొండలమీద కాపురముండు తెల్లవారికి తమ వాగులలోని ట్రౌట్ చేప ఇచ్చట ఈదిన బాగుండునని కోరిక. అది ఆ యుగపు వేడుక. ఒక ఖండపు జంతువును మరియొక ఖండమున నిలుపుట మానవునికి మేలు చేయు శాస్త్రమని నాటి పండితులు దృఢముగా విశ్వసించిరి. 1864లో ట్రౌట్ గ్రుడ్లు మంచులోను నాచులోను ఉంచబడి ఓడపై టాస్మేనియాకు సజీవముగా చేరుటతో ఆ విశ్వాసము మరింత బలపడినది.

డే ఆ పనిని తలకెత్తుకొనెను. కాని ట్రౌట్ గ్రుడ్డు సుకుమారమైనది. చల్లదనము తప్పినచో ముందుగానే పిగులును, లేదా చెడిపోవును. గాలి చాలని నీటిలో ఊపిరాడక చచ్చును. సూయజ్ కాలువ 1869 వరకు తెరువబడలేదు. ఎర్రసముద్రపు వేడిమిని దాటి, మద్రాసు తీరపు వేడిమిని దాటి, మైదానములను దాటి కొండ యెక్కవలెను. 1860వ దశకమున డే చేసిన ప్రయత్నములలో గ్రుడ్లు నిలువలేదు. ఆయన పట్టువిడువక నీలగిరి చేపలను గూర్చియు, ట్రౌట్‌ను అచ్చట నిలుపు విధమును గూర్చియు వ్యాసములు వ్రాసెను. పిమ్మట ఉదకమండలపు ప్రభుత్వోద్యానమునకు అధికారియైన మెక్‌ఐవర్ టెంచ్, కార్ప్ జాతులను తెప్పించి సరస్సున విడిచెను. అవి బ్రతికినవి, సంతానమును పొందినవి. ఆ విధముగా ఆ సరస్సున తొలి పరదేశి కాపురములు వెలసినవి.

డే జీవితము అంతటితో ఆగినచో ఆయన పేరు నీలగిరి చరిత్రలో ఒక పంక్తిగా మిగిలెడిది. కాని 1867లో ఒక సందేహము పుట్టినది. దానిని లేవనెత్తినవాడు మరెవరో కాదు. ధవళేశ్వరమున ఆనకట్ట కట్టి గోదావరి మండలమును అన్నపూర్ణగా మార్చిన సర్ ఆర్థర్ కాటన్. నదులకు అడ్డముగా కట్టిన ఆనకట్టలు సముద్రమునుండి ఎదురెక్కు చేపల త్రోవను మూసి మత్స్యసంపదకు హాని చేయుచున్నవేమో విచారింపవలెనని ఆయనయే ఇంగ్లండులోని ప్రభుత్వమునకు వ్రాసెను. తాను కట్టిన కట్టనుగూర్చి తానే ప్రశ్న వేయుట సామాన్యులకు సాధ్యమయ్యెడి పని కాదు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకు భారము డే మీద పడినది.

సముద్రమున ఇలసగా తిరుగుచు, వరదనీటికి ఎదురీది గోదావరి నెక్కి పులసగా మారు చేపను ఎరుగని తెలుగువారు లేరు. పుస్తెలమ్మియైనను తినదగినదని లోకము మెచ్చు ఆ చేప గ్రుడ్లు పెట్టుటకే ఏరును ఎక్కును. అడ్డముగా రాతిగోడ యున్నచో దాని క్రిందనే గుమిగూడును. గుమిగూడిన చోటనే వలలు కాచియుండును. ఈ రీతిని దక్షిణదేశపు నదులలో చూచిన డే, ఆనకట్టలలో చేప ఎక్కి పోవుటకు త్రోవలు ఉంచవలెనని ప్రభుత్వమునకు చెప్పెను. పంటకు నీరును కావలెను, నోటికి చేపయు కావలెను. ఒకదానిని పొందుటకై రెండవదానిని పోగొట్టుకొనుట వివేకము కాదని ఆయన వాదము.

విచారణ మద్రాసుతో ఆగలేదు. బర్మాతో కూడిన భారతదేశ మంతటను మత్స్యస్థితిని పరీక్షించుటకు ప్రభుత్వము ఆయనను నియమించినది. పిమ్మట మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలు అను పదవియు లభించినది. ఒరిస్సా, బెంగాలు, అస్సాము, పంజాబు, సింధు, బర్మా – ఏ నది పేరు చెప్పినను ఆయన దాని గట్టున నిలిచి చేపను చూచినవాడే. జిల్లా అధికారులకును, తహశీల్దారులకును ప్రశ్నపత్రములు పంపి, ఏ వలలు వాడుదురు, వల కన్ను ఎంత, చేపలు పెరుగుచున్నవా తరుగుచున్నవా అని సమాధానములు తెప్పించెను. 1873లో మంచినీటి మత్స్యములను గూర్చి ఒకటి, సముద్ర మత్స్యములను గూర్చి ఒకటి, రెండు నివేదికలు ప్రకటింపబడినవి.

ఆ నివేదికలలో కనబడు దృశ్యము విచారకరమైనది. దోమతెరవంటి సన్నని వలలతో చేపపిల్లలను బుట్టలకొలది పట్టుట, పంటకాలువలును వరికయ్యలును ఎండునప్పుడు అందు చిక్కిన పిల్లలను ఊడ్చివేయుట, మడుగులలో విషపు కాయలు కలిపి పెద్దచేప చిన్నచేప అను భేదము లేక చంపుట – ఇవి పలు ప్రాంతములలో సాగుచుండెను. వల కన్నుకు కనీసపు కొలత నిర్ణయింపవలెననియు, విషప్రయోగమును నిషేధింపవలెననియు, పిల్లలను కాపాడవలెననియు డే సూచించెను. పేదవాని కూడుపై ఆంక్ష పెట్టుట తగునా అని సందేహించిన అధికారులు కలరు. ఆ సందేహమునకును న్యాయము లేకపోలేదు. నేడు పిల్లను పట్టువాడు ఆకలిగొన్నవాడే. కాని రేపటి చేపను నేడే తినివేసినచో రేపు ఆకలిగొనువాడును వాడే యని డే చూపిన లెక్క. ప్రభుత్వము వెంటనే చట్టము చేయలేదు.

ఉద్యోగమున తిరిగిన తిరుగుడంతయు ఒక మహాగ్రంథముగా రూపొందినది. భారతదేశపు మత్స్యములను గూర్చిన ఆ గ్రంథము 1875 మొదలు 1878 వరకు భాగములుగా వెలువడినది. రెండువందలకు చేరువైన చిత్రఫలకములు. ఆ చిత్రములకు మూలమైన రేఖలు గీసినది ఆయన చేయియే. ప్రతి జాతికిని దేహపు కొలతలు, ముండ్ల సంఖ్య, పొలుసుల వరుస, రంగు, నివాసము చెప్పి, దానితోపాటు తమిళ, తెలుగు, మలయాళ, ఒరియా, హిందీ మొదలగు భాషలలో దేశీయులు పిలుచు పేర్లను లభించినంత మేరకు చేర్చెను. జెర్డన్ వంటి పూర్వుల పేర్లు కొత్త జాతులకు పెట్టి వారి ఋణమును తీర్చికొనెను. ఒక మత్స్యకారునికి తెలిసిన పేరును, ఒక శాస్త్రజ్ఞునికి తెలిసిన పేరును ఒకే పుటలో కూర్చుండబెట్టిన గ్రంథమది.

1877లో డే ఉద్యోగవిరమణము చేసి ఇంగ్లండునకు మరలెను. చెల్టెన్‌హాం పట్టణమున స్థిరపడి బ్రిటిషు ద్వీపముల చేపలను గూర్చి 1880 – 84 సంవత్సరములలో మరియొక బృహద్గ్రంథమును రచించెను. సర్ జేమ్స్ మెయిట్‌లండ్ స్కాట్లండున నడపుచుండిన హౌవీటూన్ మత్స్యశాలలో సాల్మన్, ట్రౌట్ జాతుల సంకరమును పరీక్షించెను. నీలగిరులపై నిలువని ట్రౌట్ ఆయన మనస్సులో మాత్రము నిలిచియే యుండెను. 1887లో ఆ కులపు చేపలకే ఒక గ్రంథమును అంకితము చేసెను.

స్వదేశమున ఆయనకు గౌరవముతోపాటు కలతయు లభించినది. బ్రిటిషు మ్యూజియమున జంతుశాస్త్రశాఖకు పెద్దయైన ఆల్బర్ట్ గుంథరునకును డేకును చాలకాలముగా పొత్తు కుదరలేదు. ఏ చేప ఏ జాతి, ఏ పేరు ముందు పెట్టబడినది అను విషయములలో ఇరువురును పరస్పరము తప్పులెన్నుకొనిరి. 1883లో లండనున అంతర్జాతీయ మత్స్యప్రదర్శనము జరిగినప్పుడు భారతదేశ విభాగమును డేయే నిర్వహించెను. ఇరువది యేండ్లు కూడబెట్టిన చేపలను లోకమునకు చూపెను. ఆ ప్రదర్శనము ముగిసిన పిమ్మట ఆ సంచయములో ఒక ముఖ్యభాగమును ఆస్ట్రేలియాలోని సిడ్నీ మ్యూజియమువారు కొనిరి. ఆ విధముగా గోదావరి, కావేరి, గంగానదుల చేపలు సీసాలలో సముద్రములు దాటి మరియొక ఖండమున నివసించుచున్నవి. కొంత భాగము కలకత్తాలోను, లండనులోను, ఐరోపాలోని ఇతర మ్యూజియములలోను ఉన్నది. నేటికిని భారతీయ మత్స్యశాస్త్రజ్ఞుడు ఒక జాతి మూలరూపమును పోల్చిచూడవలెనన్నచో ఆ సీసాలను వెదకవలసినదే.

1885లో ప్రభుత్వము ఆయనకు సి.ఐ.ఇ. బిరుదమునిచ్చి గౌరవించినది. చివరి యేండ్లలో వ్యాధి బాధించుచుండినను కలము విడువలేదు. బ్రిటిషు ఇండియా జంతుజాలమను గ్రంథమాలలో మత్స్యములకు కేటాయింపబడిన రెండు సంపుటములను వ్రాసి ముగించెను. అవి 1889లో వెలువడినవి. అందు వర్ణింపబడిన జాతులు 1,418. ఆ సంవత్సరమే జూలై 10వ తేదీన చెల్టెన్‌హాంలో ఆయన కన్నుమూసెను. వయస్సు అరువది యేండ్లు.

ఆయన కోరినవి ఆయన తరువాత ఒక్కొక్కటిగా నెరవేరినవి. చేపలను విషముతోను, ప్రేలుడు పదార్థములతోను చంపుటను నిషేధించు భారత మత్స్యచట్టము 1897లో వచ్చినది. మద్రాసున మత్స్యశాఖ 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ చేతులమీదుగా ఆరంభమైనది. ట్రౌట్ 1900లో కాశ్మీరమున నిలిచినది. ఆ దశకము ముగియకమునుపే విల్సన్ అను నిపుణుని కృషివలన నీలగిరులపై ఇంద్రధనుస్సు ట్రౌట్ నిలిచినది. డేకు దక్కని విజయము ఆయన వెనుకటివారికి దక్కినది.

కాని ఆయన ఊహింపనిదియు జరిగినది. ఒకప్పుడు వేడుకకొరకు తెచ్చిన పరదేశి చేపలు పిమ్మట ఆహారముకొరకు, దోమలను చంపుటకొరకు, లాభముకొరకు వరుసగా వచ్చినవి. 1928లో గంబూసియా, 1952లో తిలాపియా, 1959లో గడ్డిచేపయు వెండిచేపయు వచ్చినవి. 1950వ దశకపు చివర కాశ్మీరపు సరస్సులలో బంగారుతీగ చేరిన పిమ్మట అచ్చటి స్వదేశి మంచుచేపలు తరిగిపోవుటను శాస్త్రజ్ఞులు గమనించిరి. హిమాచల ప్రదేశమందలి గోవిందసాగరమున 1971లో పొరపాటున జొరబడిన వెండిచేప కొన్ని యేండ్లకే వలలలో పెద్దపాలు అయినది. తిలాపియా డే తిరిగిన కేరళ కాయలులలోను, తెలుగుదేశపు చెరువులలోను నేడు సర్వసామాన్యము. పరదేశి అనగా సముద్రము దాటి వచ్చినదే కానక్కరలేదు. కృష్ణానది వరకు స్వస్థానముగా గల బొచ్చె చేపను కావేరిలో విడిచినచో అచ్చట అదియును అతిథియే.

అన్ని అతిథులును హాని చేయవు. బంగారుతీగ పేదవాని పళ్లెమున మాంసకృత్తులను చేర్చినది. అయినను చెరువులో పెంచిన చేప చెరువులో ఉండుట వేరు, గట్టు తెగి నదిలోనికి పోవుట వేరు. కొల్లేటి చుట్టును చెరువులు త్రవ్విన తెలుగువారికి ఈ భేదమును వేరుగా బోధింప నక్కరలేదు. కొర్రమీను, వాలుగ, జెల్ల, మట్టగిడిస వంటి స్వదేశులు కొల్లేటిలో ఎన్ని ఉండెను, ఎన్ని మిగిలెను అను ప్రశ్న వచ్చినప్పుడు సమాధానమునకు పూర్వపు లెక్క కావలెను. లెక్క లేనిచోట నష్టము కనబడదు. పోయిన చేప పోయినదని కూడ ఎవ్వరికిని తెలియదు.

డే పెట్టిన డెనిసన్ పేరుగల ఆ ఎర్రచార చేప నేడు ప్రపంచమంతట గాజుతొట్లలో అలంకారముగా తిరుగుచున్నది. తన స్వస్థానమైన కనుమల వాగులలో మాత్రము అంతరించు ప్రమాదమున్న జాతుల పట్టికకు ఎక్కినది. అది అచ్చటిదని, 1865 నాటికే అచ్చట ఉండెనని నిస్సంశయముగా చెప్పుటకు ఆధారము ఆ వైద్యుడు వ్రాసిన వర్ణనమే. ఉదకమండలపు సరస్సున టెంచ్ అతిథి యని చెప్పుటకును ఆయన కాలపు వ్రాతలే ఆధారము. తలుపు తెరచినవాడును ఆయనయే, ఇంటివారి పేర్లు వ్రాసి ఉంచినవాడును ఆయనయే. తలుపు తెరచుట ఆ కాలపు నమ్మకము. పేర్లు వ్రాసి ఉంచుట ఎల్లకాలమునకు పనికివచ్చు సేవ. తమ ఊరి చెరువులో ఏయే చేపలు కలవో బెస్తవారిని అడిగి ఒక పుస్తకమున వ్రాసిపెట్టు విద్యార్థి ఎవడైనను, ఫ్రాన్సిస్ డే కొచ్చిన్ బజారున చేపల బుట్టల ముందు నిలిచి చేసిన పనినే చేయుచున్నాడు.